పన్నెండో పాటకు డ్రమ్ము లేదు

సోమవారం నుంచి ప్రతిధ్వని ముందు వస్తోంది, గిటారు తర్వాత మోగుతోంది.

మొదటి పూట కాస్త చికాకుగా ఉంటుంది. నేను తీగ మీద వేలు పెట్టకముందే గోదాము అవతలి గోడ నుంచి నా పాట తిరిగి వచ్చేస్తుంది, తడిసి, సాగి, చివర్లో వణుకుతూ. రికార్డింగు చేసే భూషణం గారు హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి పక్కకు జరిపి, "వచ్చేసింది కదమ్మా. ఇక దానికి సరిపోయేలా వాయించెయ్యండి," అంటారు. ఆయన మద్రాసులో పని నేర్చుకున్న మనిషి, మేం ఎదురు చెప్పం.

మేం ముగ్గురం. గిటారు నాది, నా పేరు నూకాలు. మా అమ్మ దగ్గర ఎండు నెత్తళ్ళు తీసుకున్న ఓడ మనిషి ఒకడు ఆ గిటారుని మా అరుగు మీద మరిచిపోయాడు. బేసు గిటారు విక్టరుది, వాల్తేరు రైల్వేలో గుమాస్తా. డ్రమ్ములు మా ఆయన పోలిరాజువి. పొద్దున్న తెప్ప మీద వేటకు పోయొచ్చి, మధ్యాహ్నం డ్రమ్ముల ముందు కూర్చుంటాడు.

విశాఖపట్నం ఒడ్డున, పాత ఉప్పు గోదాములో, సముద్రం గురించి పన్నెండు పాటల రికార్డు చేస్తున్నాం. మాటలుండవు, వాయింపే. సముద్రానికి అవతల కుర్రాళ్ళు చెక్క పలకలెక్కి అలల మీద జారి, ఇంటికొచ్చి ఇలాంటి పాటలు వాయిస్తున్నారట. మా ఆయన మీసాలు రాకముందు నుంచీ తెప్పెక్కి అలలు దాటుతున్నాడు, అతని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఆ ఉక్రోషంతోనే నేనీ రికార్డుకి ఒప్పుకున్నాను.

బుధవారానికి పదకొండు పాటలు పూర్తవుతాయి. తప్పు వాయిద్దామన్నా కుదరడం లేదు, ఏం వాయించాలో ప్రతిధ్వని ముందే చెప్పేస్తోంది. "పని సులువైపోనాదే," అంటాడు పోలిరాజు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

గురువారం మధ్యాహ్నం పన్నెండో పాట ప్రతిధ్వని వస్తుంది. గిటారు ఉంది. బేసు ఉంది. డ్రమ్ము లేదు.

"భూషణం గారూ, డ్రమ్మేదండీ?"

"రాలేదమ్మా."

"ఎందుకు రాలేదు?"

"వాయించే మనిషి ఉంటేనే కదా వచ్చేది," అంటారాయన, ముక్కుపొడుం డబ్బీ మూత తీస్తూ.

నేను గిటారు కింద పెట్టేస్తాను. పోలిరాజు మాత్రం నవ్వుతాడు. "అయితే రేపు నాకు సెలవే. ఇంటికాడ తొంగుంటాను."

"నోర్ముయ్యి," అంటాను. భయమేస్తే నేను తిడతాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఆ సంగతి అతనికి తెలుసు. అయినా అతను నోట్లో నాలుక లేని మనిషి, ఎవరేమన్నా పడుంటాడు.

ఇంటికి నడిచినంతసేపూ ఒకటే మాట అడగాలని ఉంటుంది. రేపు పాట వేళకి నువ్వు ఎక్కడికి పోతావు? కానీ మా పేటలో బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే పోయే పని చెడిపోతుంది. నీళ్ళ మీదికి పోయేవాడినైతే బొత్తిగా అడగరు. మా అమ్మ మా నాన్నని నలభై ఏళ్ళపాటు అడగకుండానే కాపురం చేసింది. నేనూ ఆ మాటని పళ్ళ వెనక ఆపుకుని అన్నం వడ్డిస్తాను.

శుక్రవారం అతన్ని వేటకు పోనివ్వను. గోదాములో డ్రమ్ముల స్టూలుకి వల తాడుతో నడుము కట్టేస్తాను, ముడి మీద ముడి వేసి. "ఏటే ఈ వేషం, నేనేటి మేకనా?" అంటాడు గానీ కదలకుండా కట్టించుకుంటాడు. విక్టరు మొహమాటంగా గోడకేసి చూస్తాడు.

వాయిస్తాం. పోలిరాజు చేతులెత్తి బలం కొద్దీ కొడతాడు. డ్రమ్ము తోలు లోపలికి పోయి పైకి లేస్తుంది, దాని మీది దుమ్ము ఎగురుతుంది. చప్పుడు రాదు.

భూషణం గారి ముఖం వెలిగిపోతుంది. "అక్షరాలా సరిపోతోంది!"

"ఆపండి!" అని అరుస్తాను. పోలిరాజు నాతో ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. పుల్ల జారి నేల మీద పడుతుంది, అదీ వినపడదు. మనిషిని కట్టేశాను గానీ చప్పుడుని కట్టడం మరిచిపోయాను. నా బుద్ధి తగలెయ్యా.

"నిన్న ఈయన తుమ్మినప్పుడే అనుకున్నానండీ, చప్పుడు మరీ పలచగా ఉందని," అంటాడు విక్టరు.

మా పేటలో ఏది పోయినా ముందు ఒడ్డునే వెతుకుతాం. ముడులు విప్పి, అతని చెయ్యి పట్టుకుని అటు పరుగెడతాను. ఇసక మీద మా పక్కింటి గౌరమ్మ పిన్ని, ఇంకో నలుగురు ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు. చేపల పక్కనే పేటలో మగవాళ్ళ చప్పుళ్ళు కూడా పరిచి ఉన్నాయి. ఆవులింతలు, ఈలలు, గురకలు. ఆడవాళ్ళు వాటిని ఒక పక్క ఎండాక రెండో పక్కకి తిరగేస్తున్నారు.

"ఒలే నూకాలూ, మీ ఆయన్ది ఆ సివర్న ఉన్నాది," అంటుంది గౌరమ్మ పిన్ని. "బేగి ఎత్తుకో, కాకులు తన్నుకుపోగలవు."

ముందు అతని దగ్గుని పోల్చుకుంటాను. తర్వాత డ్రమ్ము దెబ్బలు, ఒక కుప్పగా. అన్నిటికంటే కింద, నీళ్ళకి దగ్గరగా, నన్ను పిలిచే "ఒలే" ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చగా ఉంది. ఏడుపొచ్చేస్తుంది నాకు, ఆడవాళ్ళ ముందే ఏడుస్తాను.

"ఏడుపు తరవాత. తడి ఆరకముందే మింగించీ," అంటుంది పిన్ని.

పోలిరాజు నోట్లో పెట్టుకుంటాడు, మింగుతాడు, కక్కేస్తాడు. మూడుసార్లు అంతే. "తన గొంతు తనకి దిగదే ఎవుడికైనా," అంటుంది పిన్ని, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. ఎండ మండిపోతోంది. ఇక ఆలోచించకుండా అన్నీ నా నోట్లోనే వేసుకుంటాను. ఉప్పగా, మెత్తగా జారిపోతాయి.

పోలిరాజు నోరు తెరుస్తాడు. నా గొంతులోంచి అతని మాట వస్తుంది. "ఒలే, ఏటి సేసినావే?"

"నీ గొంతు ఎండిపోకుండా దాసినాను మావా," అంటాను నా మాటతోనే.

అతను నవ్వుతాడు. నవ్వు నాలోంచి వచ్చి నా పొట్ట కదులుతుంది. ఇద్దరికీ ఒక గొంతు చాలదా, చాలామందికి మొగుడి మాట వినే యోగమే లేదు అనుకుంటూ గోదాముకి తిరిగొస్తాను. కాసేపు నిజంగానే సంతోషంగా ఉంటాను.

అతను డ్రమ్ము మీద కొట్టి చూస్తాడు. నా నోట్లోంచి ధడ్‌మని వస్తుంది. భూషణం గారు తల అడ్డంగా ఊపుతారు.

"ఈ పాటలో డ్రమ్ము లేదు కదా తల్లీ. నోరు మూసుకుని వాయించు. ఎంత, రెండున్నర నిమిషాలు."

ఆయన మాట సబబుగానే ఉంది. నోరు మూసుకుని మొదలుపెడతాను. డ్రమ్ము దెబ్బలు నా పళ్ళ వెనక తగులుతుంటాయి, చిగుళ్ళు అదురుతాయి. బయటికి ఒక్కటీ పోనివ్వను.

అర నిమిషానికి పోలిరాజు చేతుల్లో పుల్లలు కనపడవు. తర్వాత వేళ్ళు. అరిగిపోయే సబ్బులా మణికట్లు, మోచేతులు. అతను మాత్రం లేని చేతులతో లయ తప్పకుండా వాయిస్తూనే ఉంటాడు, నా వైపే చూస్తూ.

సిగ్గు విడిచి చెబుతున్నాను, పాట అద్భుతంగా వస్తోంది. పదకొండు పాటల్లో ఏదీ ఇలా రాలేదు. ప్రతిధ్వని ముందు వెళ్తుంటే నా వేళ్ళు దాని వెంటపడి పోతున్నాయి, ఆపుదామంటే ఆగవు. ఇంకొక్క నిమిషం ఉంటే రికార్డు పూర్తయిపోతుంది. భుజాలు కూడా పోయాయి. ఇప్పుడతని ముఖం పొద్దున్నే గుమ్మం దాటేటప్పటి ముఖం. బయల్దేరే మనిషి ముఖం.

గిటారు వదిలేసి నోరు తెరుస్తాను.

"ఎక్కడికి?"

అడిగేశాను. గోదాములో అన్నీ ఆగిపోతాయి, టేపు తప్ప. స్టూలు మీద ఎవరూ లేరు. నా నోరు తెరిచే ఉంది, అందులోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది.

విక్టరు దగ్గరికొచ్చి లోపలికి చూస్తాడు. మెల్లగా చెయ్యెత్తి నుదుటి మీద అడ్డం పెట్టుకుంటాడు. "సముద్రం ఉందండీ," అంటాడు.

ఒడ్డు నుంచి ఆడవాళ్ళు వస్తారు. భూషణం గారు హెడ్‌ఫోన్లు తీసేసి వాళ్ళ పక్కన నిలబడతారు. అందరూ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నా నోట్లోకి దూరంగా చూస్తున్నారు.

"తెప్ప ఉన్నాది," అంటుంది గౌరమ్మ పిన్ని. "మనిషీ ఉన్నాడు."

"ఇటొస్తున్నాడా, అటు పోతున్నాడా?" అడుగుతారు భూషణం గారు.

"తెలీడం నేదు. నిలబడి ఎనక్కి సూస్తన్నాడు." పిన్ని నన్ను తిడుతుంది. "అడగరాని మాట అడిగీసినావు కదే!" అంతలోనే గొంతు తగ్గిస్తుంది. "పోన్లే. అడిగినాక ఎవుడైనా అలాగే పోకూడదు. ఎనక్కొచ్చి, కూకుని, గుక్కెడు నీళ్ళు తాగి మరీ ఎల్లాల. ఆడికీ తెలుసు."

ఆమె స్టూలు లాక్కొచ్చి నా గడ్డం కింద వేస్తుంది. చెంబుతో మంచినీళ్ళు తెప్పించి పట్టుకుని నిలబడుతుంది.

దవడలు లాగేస్తున్నాయి. అయినా నోరు మూయను, మూస్తే అతనికి ఒడ్డు ఉండదు. నా కింది పళ్ళ మీద అల ఒకటి విరుగుతుంది, గౌరమ్మ పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒకడుగు వెనక్కి వేస్తుంది.