తువ్వాలు కింద చెయ్యి

పెళ్లయి నలభై రోజులైనా, గడప దగ్గర రెండు జతల చెప్పులు పక్కపక్కన కనబడితే శ్రీరమ్యకి నవ్వొచ్చేది. ఆ ఉదయం వాటి పక్కన కానిస్టేబుల్ అమానుల్లా బూట్లు, వినుకొండ రైతు చెంచయ్య టైరు చెప్పులు చేరాయి.

"మంగళవారం గుంటూరు యార్డులో ఒకడు చైతన్యకృష్ణనని చెప్పి, నా నలభై బస్తాల మిరపకాయలు డబ్బివ్వకుండా లారీకెత్తించుకుపోయాడమ్మా," అన్నాడు చెంచయ్య. "కమీషన్ కొట్లో అడిగితే ఆ పేరుగల గుమస్తా మీ ఆయనేనంట."

"నేను కాదండీ," అన్నాడు చైతన్య.

"మనిషిని గుర్తుపట్టలేవా పెద్దాయనా?" అడిగాడు అమానుల్లా.

"ఎట్టా పడతానయ్యా. ఘాటుకి అందరం మొహాలకి గుడ్డ కట్టుకునేగా తిరిగేది."

కానిస్టేబుల్ చైతన్య వైపు తిరిగాడు. "మంగళవారం ఎక్కడున్నావు?"

"యార్డులోనే."

అది అబద్ధమని శ్రీరమ్యకి తెలుసు. ఆ మధ్యాహ్నం ఆమె కొట్టుకి ఫోన్ చేస్తే, ఇవాళ చైతన్య రాలేదని తోటి గుమస్తా గౌస్ బాషా చెప్పాడు. ఆ మాట ఇప్పుడంటే భర్తని జీపెక్కిస్తారు. అనకపోతే, ఈ మనిషెవరో తెలియకుండానే ఈయన పక్కన బతకాలి.

"బేరం ఎలా కుదిరింది బాబాయ్?" అని అడిగింది.

"ఎప్పటిలాగే. ధర పక్కవాళ్లకి తెలీకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని."

ఆమె లోపలికెళ్లి తువ్వాలు తెచ్చింది. "ఈయన చెయ్యి పట్టుకుని చూడండి."

చైతన్య ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

చెంచయ్య కళ్లు మూసుకుని, గుడ్డ కింద ఒక్కో వేలూ తడిమాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"ఈ చెయ్యి కాదు. వాడి చూపుడువేలు వంగదు."

"వంగదా? అయితే మా కొట్లో కిందటేడు మానేసిన జయరావండీ," అన్నాడు చైతన్య. "లారీ తలుపులో పడి నలిగింది. నా సంగతులన్నీ వాడికి తెలుసు."

"ఇల్లు చూపిద్దువు గాని, పద," అంటూ అమానుల్లా బూట్లేసుకున్నాడు. "సరుకింకా అమ్మేసి ఉండడులే చెంచయ్యా."

వాళ్లు జీపు దగ్గరికి నడుస్తుంటే శ్రీరమ్య భర్త చెయ్యి పట్టి ఆపింది.

"మంగళవారం ఎక్కడికెళ్లారు?"

అతను నేల చూశాడు. "పర్చూరు. స్నేహితుడి దగ్గర స్కూటర్ నేర్చుకుంటున్నా. పెళ్లిచూపుల్లో నడపడం వచ్చని చెప్పాగా మీ నాన్నకి."

"పడ్డారా?"

"మూడుసార్లు."

"చాలు, ఇక పర్చూరు వెళ్లకండి. నేను కాలేజీకి స్కూటర్ మీదే వెళ్లేదాన్ని. త్వరగా వచ్చేయండి, సాయంత్రం నేర్పుతా."