సార్జెంటును నిలదీసిన చరణం

టీలోకి స్కోన్ రొట్టెలు కాల్చడానికి పిండి కలుపుతున్నాను. "పాట కోసం ఆ పిల్లలు డబ్లిన్ నుంచి వచ్చారు, ఇంకాస్త టీ పెట్టు ఊనా!" ముందుగదిలోంచి మా ఆయన కోల్‌మన్ కేకేశాడు.

గ్రాన్యా అనే అమ్మాయి, ఆమె బృందం ఒక పాత యుద్ధవ్యతిరేక పాటను కొత్తగా రికార్డు చేస్తున్నారు. ఎటు చూసినా మళ్ళీ యుద్ధాలే కదా, ఆ పాట ఇప్పుడు అందరికీ కావాలి. మా క్లేర్ జిల్లాలో ఆ పాటంటే కోల్‌మన్. నలభై ఏళ్ళుగా పబ్బులో బల్ల చరుస్తూ కవాతులా పాడతాడు. జనం గ్లాసులెత్తుతారు.

నిజానికది మా అమ్మమ్మ పాట. తాత ఇంగ్లండు రాజు సైన్యంలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఒక్క చేత్తో తిరిగొచ్చాడు. ఆయనకు బొత్తాలు పెడుతూ ఆమె సన్నగా పాడుకునేది. పెళ్ళయిన కొత్తలో, ఈ వంటింట్లోనే, కోల్‌మన్‌కు చరణం చరణం నేర్పింది నేను. ఒకసారి పబ్బులో నేనూ గొంతు కలిపితే అత్తగారు నవ్వుతూనే అంది: "ఇంటికి ఒక్క గొంతు చాలమ్మా." అప్పట్నుంచీ పాటగాళ్ళకు శాండ్‌విచ్‌లు కోస్తున్నాను. చివరి చరణాన్ని కోల్‌మన్ ఎత్తేశాడు. "అది పాడితే సరదా చచ్చిపోతుంది" అన్నాడు.

టీ పట్టుకెళ్ళేసరికి గ్రాన్యా అడుగుతోంది: "ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?"

"మావాళ్ళ దగ్గరే. మా రక్తంలోనే ఉంది."

ట్రే కింద పెట్టాను. "మా అమ్మమ్మ పెగ్ హినాన్ దగ్గర నేను నేర్చుకున్నాను. నా దగ్గర ఆయన నేర్చుకున్నాడు. చివర ఇంకో చరణం కూడా ఉంది."

"ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నాడు కోల్‌మన్.

"పాడండి, ప్లీజ్" అంది గ్రాన్యా.

నిలబడే పాడాను, అమ్మమ్మలా నెమ్మదిగా. చివరి చరణంలో ఒక ఆడది, సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకోవడానికొచ్చిన సార్జెంటును గుమ్మంలోనే ఆపేస్తుంది. "మా ఆయన చెయ్యి పట్టుకెళ్ళావుగా, మీ రాజు దాంతో ఏం చేసుకుంటున్నాడు?" అని అడుగుతుంది. అక్కడ కోల్‌మన్ పెదాలు కదలడం చూశాను. మర్చిపోలేదన్నమాట!

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గ్రాన్యా కళ్ళు తుడుచుకుంది. "ఊనా గారూ, శుక్రవారం ఎన్నిస్ టౌన్లో రికార్డింగ్. మీ గొంతే కావాలి. వస్తారా?"

"శుక్రవారం మా అక్కావాళ్ళు భోజనానికొస్తున్నారు" అన్నాడు కోల్‌మన్ కంగారుగా. "వంటెవరు చేస్తారు?"

"మీ అక్కేగా, నువ్వే చెయ్యి" అని గ్రాన్యా వైపు తిరిగాను. "ఎన్నింటికి రమ్మంటావమ్మా?"