మంచి కాలు

ఫిజియోథెరపీ గదిలో నాలుగు చెక్క మెట్లున్నాయి. మోకాలి కీలు మార్పించుకున్నవాళ్లు అవి ఎక్కి దిగితేనే ఇంటికి పంపుతారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అంతే. కుడి మోకాలు మార్పించుకున్న బట్టలుతికే ఆవిడ మాత్రం మూడు రోజులుగా తలకిందులు చేస్తోంది.

"పిన్నిగారూ, ఆపరేషన్ కాలు మంచి కాలు కాదండీ," అంది ఫిజియో.

"కొత్తది వేశారుగా తల్లీ. నా ఒంట్లో ఇంకేముంది అంతకంటే మంచిది?"

పక్క మంచాలవాళ్లు నవ్వారు. ఫిజియో నవ్వలేదు. ఎక్స్-రేలో ఆ కుడి మోకాలి దగ్గర ఎప్పుడో ఎముక విరిగిన గుర్తు కనిపించింది. కాగితంలో మాత్రం 'జారిపడింది' అని రాసి ఉంది. మొగుడు చెప్పింది చెప్పినట్టు రాసుకునే కాగితాలవి.

నాలుగో రోజు ఆ మొగుడే వచ్చాడు. అప్పుడామె పై మెట్టు మీదుంది.

"ఇంకెన్నాళ్లే ఈ నాటకం? మేసి పడుకోడం మరిగావా?"

"అరవకు. పడతాను."

"పడు."

జబ్బ పట్టి లాగాడు. ఫిజియో అడ్డం వెళ్లింది. మోచేత్తో మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి తెల్లకోటు మీద రక్తం కారింది. గదిలో ఎవరూ కదల్లేదు.

"ఆ కాలు అప్పుడే పూర్తిగా విరగ్గొట్టాల్సింది," అన్నాడు అందరూ వినేటట్టు.

ఆమె ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. రెండో చేత్తో చేతికర్ర ఎత్తి అతని మణికట్టు మీద కొట్టింది. పట్టు వదిలాడు. రెండో దెబ్బ కుడి మోకాలి మీద. పట్‌మంది. కూలబడి ఊళపెట్టాడు.

"ఏడవకు. జారిపడ్డావని రాయిస్తాలే," అందామె.

తర్వాత దిగింది. ఆపరేషన్ కాలు ముందు, మంచి కాలు వెనక. నాలుగు మెట్లూ, ఒక్క తప్పు లేకుండా.

సెక్యూరిటీవాళ్లు అతన్ని ఈడ్చుకెళ్లాక ఫిజియో పెదవికి దూది అద్దుకుంటూ అడిగింది:

"మీకు మెట్లు వచ్చా పిన్నిగారూ?"

"మొదటిరోజే వచ్చాయి తల్లీ. దిగితే ఇంటికి పంపేస్తారుగా."

డిశ్చార్జి కాగితంలో 'ఇంటి దగ్గర చూసుకునేవారు' అన్న చోట 'భర్త' అని ముందే రాసేశారు. ఫిజియో దాన్ని కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది.

"ఎవర్ని రాయమంటారు?"

"మా చెల్లెల్ని. వాళ్లది కింది వాటా," అందామె. "మెట్లే లేవు."