మంచు కింది తివాచీ

మిరపకాయ బజ్జీల నూనె పీల్చుకుంటున్న కాగితం మీద సుమలతకు ఒక గుర్రం కనిపించింది. తలకు దుప్పి కొమ్ముల ముసుగు తొడిగిన గుర్రం. పదో తరగతి నుంచి దాన్ని ఎరుగును. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

పాత పేపర్ దొరకలేదని ఆమె భర్త రఘుపతి ఆమె పెట్టెలోంచి పుస్తకం తీసి నాలుగు పేజీలు చింపాడు. ఊరికి పుస్తకాల వ్యాన్ వచ్చినప్పుడు కొనుక్కున్నది, మాస్కోలో తెలుగులో అచ్చయినది. శుక్రవారం సెలవని, ఘాలాలో ఒకే రూమ్‌లో ఉండే తన కంపెనీ వాళ్లు భోజనానికి వచ్చారు. వాళ్ల ముందే అన్నాడు, "ఆ దేశమే మునిగిపాయె. ఇంక దాని పుస్తకమెందుకే నీకు?" అందరూ నవ్వారు. రఘుపతి తమ్ముడు సురేందర్ ఇంకాస్త ఎక్కువ నవ్వాడు. సుమలత కూడా నవ్వింది. అరబ్బు దేశంలో ఈ సీబ్‌కు వచ్చిన మూడేళ్లలో ఆమె బాగా నేర్చుకున్న పని అదే.

సైబీరియా తవ్వకాల పుస్తకం అది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె, చెల్లెలు శ్రీలత గచ్చు మీద బోర్లా పడుకుని చదివేవాళ్లు. ఎక్కడో ఆల్తాయ్ కొండల్లో రాళ్ల గుట్ట కింద సమాధి. లోపలికి దిగిన నీళ్లు గడ్డకట్టి రెండువేల ఏళ్లకు పైగా దేన్నీ కుళ్లనివ్వలేదట. తివాచీ ఎరుపు పోలేదు, గుర్రాల జూలు రాలలేదు. తవ్వేవాళ్లు నీళ్లు కాచి పోస్తూ మంచును కొంచెం కొంచెంగా కరిగించారట. చదువుతుంటే అరికాళ్లు చల్లబడేవి. "పెద్దయినంక నేను గివే తవ్వుత అక్కా" అనేది శ్రీలత. ఇప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది, చరిత్ర తీసుకుని.

ఆ చదువు ఇక చాలనీ, శ్రీలతను సురేందర్‌కు చేసుకోవాలనీ రఘుపతి నిశ్చయించాడు. ఆ పిల్ల ఒప్పుకోవడం లేదు. అక్క చెబితే వింటుంది. వాళ్ల ఊరివాడే లచ్చన్న ఈ సాయంత్రం ఊరికి పోతున్నాడు, అతనితో క్యాసెట్ పంపాలి.

అందరి ఎంగిలి కంచాలు ఎత్తి, మిగిలింది తిని, ఆమె టేప్‌రికార్డర్ ముందు కూర్చుంది. ఏం చెప్పాలో రఘుపతి పక్కన నిలబడి చెప్పాడు. ఏసీ ఉంది, ఫ్రిజ్ నిండా మాంసం ఉంది, నేల మీద తివాచీ ఉంది, కష్టమన్నదే లేదు. "ఏడుపు గొంతు వెట్టకు. నవ్వుకుంట చెప్పు" అన్నాడు. ఆమె నవ్వుకుంటూనే చెప్పింది. డ్యూటీకి పోతూ బయట తాళం వేస్తాడని చెప్పలేదు. రూమ్ వాళ్ల బట్టలన్నీ తానే ఉతుకుతుందని చెప్పలేదు. కడుపు పోయిన మర్నాడు కూడా వాళ్లందరికీ వండింది. ఆ రోజు కాసేపు గోడకు ఒరిగితే, "లోకంల నీ ఒక్కదానికే అయిందా?" అన్నాడు. అదీ చెప్పలేదు.

అతను క్యాసెట్ వెనక్కి తిప్పి మొత్తం విన్నాడు. "మంచిగచ్చింది" అన్నాడు. లచ్చన్నను తీసుకొస్తానని, మిగతావాళ్లను బస్సు ఎక్కించడానికి పోయాడు. బయట తాళం పడింది.

గిన్నెలు తోమాలి. ముందు నూనె కాగితం తీసి బండ మీద పరిచింది. నూనెకు కాగితం పలచబడి వెనక పేజీ అక్షరాలు పైకి తేలాయి. అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. కాగితాన్ని తిప్పి చదివింది. ఒకే మాను తొలిచిన పెట్టెలో భర్త పక్కనే భార్యనూ పడుకోబెట్టారు. ఇద్దరినీ ఒకేసారి పూడ్చారు. ఆమె ఎలా చనిపోయిందో మాత్రం లేదు. అక్కచెల్లెళ్లు ఆ పేజీ ఎన్నిసార్లు చదివారో! గుర్రాలను లెక్కపెట్టారు, తివాచీ అంచున జింకలను వేలితో తడిమారు. ఆమె సంగతి ఒక్కసారీ అడగలేదు.

సంబంధం తప్పితే, ఎందుకు తప్పిందో ఊరి నుంచి ఉత్తరం వస్తుంది, దాన్ని విప్పేది రఘుపతే. ఆ తర్వాత తనకేమవుతుందో ఆమెకు తెలుసు. పాస్‌పోర్ట్ అతని దగ్గర, తాళంచెవి అతని దగ్గర. ఇక్కడి నుంచి బయటపడతానన్న ఆశ ఎప్పుడు పోయిందో కూడా ఆమెకు గుర్తులేదు.

క్యాసెట్‌ను మొదటికి తిప్పింది. మళ్లీ రికార్డు చేయడానికి రెండు మీటలూ కలిపి నొక్కింది. ఈసారి నవ్వలేదు.

"శ్రీలతా, మన పుస్తకంల ఆ మంచు కింద పండుకున్న ఆమె యాదికుందా? ఆమె ఎట్ల సచ్చిందో అండ్ల రాయలే. నేను చెప్త, ఇను."