పన్నెండో పోగు

కార్జాన్ని పన్నెండు ముక్కలు చేయడం దొరైసామికి కంటిపని కాదు, బొటనవేలి పని. ఆ మెత్తని ముద్దను చింతమొద్దు మీద పరిచి, ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచబడిందో వేలితో తడిమి చూసుకుని, అప్పుడు కత్తి దించుతాడు. మందం వైపు ముక్క చిన్నది, పలచని వైపు ముక్క వెడల్పు. చూసేవాళ్ళకు హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి గానీ తూకం వేస్తే ముల్లు కదలదు. తూకం వేసి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. నలభై ఏడేళ్ళుగా ఆ అరుగు మీదికి తక్కెడ రానేలేదు.

ఆదివారం, ఆరున్నర కావస్తోంది. అరుగు మీద కడిగిన టేకాకులు పన్నెండు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కో ఆకు మీద తొడకండ ఇంత, పక్కటెముకలు రెండు, మెడ ముక్క ఒకటి, కొవ్వు ఒక అంగుళం, శుభ్రం చేసిన బోటి గుప్పెడు పడ్డాయి. ఇప్పుడు కార్జం ముక్క పడితే పోగు నిండుతుంది. దొరైసామి నడుం వంచి ఒక్కో ముక్కనూ ఒక్కో పోగు మీద పెట్టుకుంటూ పోయాడు. పొడుగు మనిషి, ఒళ్ళంతా కలిపినా ఆ మేకకు ఉన్నంత కండ ఉండదు. మిల్లులో దూది దుమ్ము మింగిన ఛాతీ ప్రతి నాలుగు అడుగులకూ ఒకసారి గురగురమంటుంది. తెల్లవారుజాము నుంచి ఎడమ భుజం లాగుతోంది. మేకను ఒక్కడే ఎత్తి కట్టినందుకు అనుకున్నాడు. భుజాలతో మాట్లాడే తీరిక ఆయనకు ఆదివారం ఉండదు.

తమిళనాట ఉన్న ఆ తెలుగు వీధి ఆచారం చిన్నదే. వారానికి ఒక మేక, పన్నెండు ఇళ్ళు. శనివారం సాయంత్రం పన్నెండు పేర్లూ ఖాయమైతేనే మేకను కోస్తారు. మేకలో ఉన్నదంతా అందరికీ రావాలి. కండ ఒకరికి, ఎముక ఒకరికి అన్న మాట లేదు. ఏ పోగు ఎవరిదో కూడా దొరైసామి చెప్పడు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గుర్తు తెచ్చి గిన్నెలో వేస్తారు. తాళంచెవి, బొత్తాం, విరిగిన గాజు, సీసామూత, ఏదైనా సరే. చూపు ఆననివాళ్ళెవరో ఒకరు ఆ గుర్తులను తీసి పోగుల మీద పెడతారు. ఎవరి గుర్తు ఎక్కడ పడితే అది వాళ్ళది. ఇక నోరెత్తడానికి లేదు.

ఈ శనివారం ఎనిమిది పేర్లే వచ్చాయి. దొరైసామి, పక్కింటి వీరాయి కలిస్తే పది. అన్నూరు దారిలో పోయిన ఏడు సూపర్‌మార్కెట్ తెరిచినప్పటి నుంచీ ఒక్కో ఇల్లే జారిపోతోంది. పేర్లు తక్కువైతే కోయకూడదు. దొరైసామి కోశాడు. కొడుకు ముకుంద్‌తో మాటామాటా వచ్చి, పట్టుదలకు పోయి కోశాడు.

"రెండు పోగులు ఎవురు తింటారు నాయనా?" అన్నాడు ముకుంద్, నిన్న మేడ మీది నుంచి దిగివచ్చి.

"వస్తారు."

"రాకపోతే?"

"రాకపోతే నువ్వు చెప్పిందేదా అయితాది. బండి పిలువు. కొట్టంలో ఉండే అయిదు మేకల్నీ ఎక్కించేయ్."

ముకుంద్ చెడ్డవాడు కాదు. పంపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మొన్న వానల్లో తండ్రిని పది రోజులు ఆసుపత్రిలో కాచుకుని కూర్చున్నవాడు. బరువు ఎత్తకూడదు, కత్తి పట్టకూడదు అని డాక్టరు చెప్పిన మాట తండ్రికి చెవికెక్కలేదు గానీ కొడుక్కి నిద్రలో కూడా వినిపిస్తోంది. అందుకే సూపర్‌మార్కెట్‌కు మేకలు తోలేవాడితో మాట్లాడి పెట్టాడు. పోగులన్నీ పోతే మేకలు ఉంటాయి, ఒక్క పోగు మిగిలినా పదిన్నరకు బండి వస్తుంది. ఇదీ తండ్రీకొడుకుల ఒప్పందం.

దొరైసామి ఆ సూపర్‌మార్కెట్‌కు ఒకే ఒక్కసారి వెళ్ళాడు. చల్లని అద్దాల పెట్టెలో కండ ఒక తట్టలో, ఎముకలు ఇంకో తట్టలో, కార్జం వేరే తట్టలో ఉన్నాయి. ఒక తట్ట నిండా కార్జమే చూసేసరికి ఆయనకు ఒళ్ళు మండింది. ఎన్ని మేకల కార్జమో అది! ఆ మేకల ఎముకలు ఎవరి పొయ్యి మీదికి పోయాయి? అక్కడ నిలబడిన పిల్లను, "ఈ మేక ఏ ఊరిదమ్మా?" అని అడిగాడు.

"తెరియాదు తాతా. లోడు వరుం" అంది ఆ పిల్ల తమిళంలో, తెలియదు, లోడు వస్తుందంతే అని.

ఏ ఊరిదో ఎవరికీ తెలియని మేకను ఎలా తింటారో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈ కార్జం గొడవ ఆయనకు కొత్తది కాదు. ఆయన తండ్రి పోగులు వేసే రోజుల్లో కార్జం మొత్తం పెద్దింటి రత్నసభాపతి నాయుడికి పోయేది. ఎవరూ రాయలేదు, ఎవరూ చెప్పలేదు, పోయేదంతే. తండ్రికి చేతులు వణకడం మొదలై కత్తి తన చేతికి వచ్చిన మొదటి ఆదివారమే దొరైసామి కార్జాన్ని పోగులన్నిటికీ పంచాడు. అప్పుడాయనకు ఇరవై రెండేళ్ళు. పెద్దింటి పాలేరు వచ్చి, "ఈరల్ యాడ?" అని కార్జం కోసం అడిగితే, "పోగులోనే ఉండాది, ఏరుకోమను" అన్నాడు. తండ్రి భయపడి రెండు రోజులు అన్నం తినలేదు. రెండు ఆదివారాలు పెద్దింటి గుర్తు రాలేదు. మూడో ఆదివారం వాళ్ళ తాళంచెవి మాట్లాడకుండా వచ్చి గిన్నెలో పడింది.

మిగతా ఆరు రోజులూ దొరైసామి ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు స్పిన్నింగ్ మిల్లులో దూది ఏకే యంత్రాల దగ్గర తల వంచుకుని పనిచేశాడు. 417 అని అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళను పొద్దున గేటు దగ్గర తీసుకోవడం, సాయంత్రం అక్కడి పెట్టెలో వేయడం, అంతే ఆయన చరిత్ర. మిల్లు మూసిన రోజు బిళ్ళలు తిరిగి ఇచ్చేయమన్నారు. "యాడో పడిపోయింది సార్" అని అబద్ధమాడి గోచిలో దోపుకుని వచ్చేశాడు. జీవితంలో ఆడిన ఆ ఒక్క అబద్ధమే ఇప్పుడు ఆయన ఇంటి గుర్తు.

"అక్కా, రాండి" అని కేకేశాడు.

వీరాయి గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎనభై దాటింది. రెండు కళ్ళలోనూ పొర. మొగుడూ పిల్లలూ లేరు, నోరు మాత్రం పది మందికి సరిపడా ఉంది. గిన్నెలో చేయి పెట్టి గుర్తులను గలగలలాడించింది. ఒక్కోటీ తీసి, వంగి, ఆకు అంచు తడుముకుని, చేతికి తగిలిన పోగు మీద పెట్టుకుంటూ పోయింది. పది అయ్యాక గిన్నె అడుగు గీకింది.

"ఇంకా రెండు ఆకులుండాయే, దొరై."

"ఉండనీ అక్కా."

"పిచ్చోడా, పది పేర్లకి కోసినావా?"

"కోసినాను."

వీరాయి ఖాళీ గిన్నెను బోర్లించింది. తర్వాత ఇకిలించింది. "మంచి పని చేసినావు పో" అని అక్కడే గుమ్మం పక్కన కూలబడింది, ఈ తమాషా చివరిదాకా వినకుండా కదిలేది లేదన్నట్టు.

ఏడున్నరకల్లా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చి ఎవరి పోగు వాళ్ళు తీసుకుపోయారు. ఇత్తడి బిళ్ళ వరసలో చివరి పోగు మీద పడింది. వీరాయి గుర్తు, దారం చుట్టిన చింతగింజ, దాని పక్కనే ఉంది. ఆమె తన పోగును పైటచెంగులో కట్టుకుంది గానీ లేవలేదు. ఇక మూడు ఆకులు మిగిలాయి. బిళ్ళ ఉన్నది ఒకటి, ఏ గుర్తూ లేనివి రెండు.

ఎనిమిదిన్నర అయింది. దొరైసామి చింతమొద్దును ఉప్పుతో రుద్ది కడిగాడు. కత్తిని తుడిచాడు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. కొట్టంలో మేకలు అరిచాయి. వెళ్ళి అవిసె మండలు వేసి వచ్చాడు. వాటి వైపు సరిగ్గా చూడలేకపోయాడు.

తొమ్మిదింటికి స్కూటీ మీద షణ్ముగప్రియ వచ్చి ఆగింది. ఎదుటి వరస టీచరమ్మ. మూడు నెలలుగా ఈ అరుగు వైపు కన్నెత్తి చూడలేదు.

"మామా, ఒక పోగు ఉండాదా?"

"ఆ సూపర్‌మార్కెట్టు కడై మూసేసినారా ఏమి?" అంది వీరాయి.

షణ్ముగప్రియ సిగ్గుపడింది. "మా మామగారు ఆ కూర ముట్టేదిలే అవ్వా. మూడు వారాలుగా రసమూ అన్నమేదా. ఈ పొద్దు అదీ తిననని పడుకున్నాడు."

"మీ మామకి నా దండం చెప్పు" అన్నాడు దొరైసామి. ఆమె స్కూటీ తాళంచెవి పోగు మీద పెట్టి, ఆచారం తీరాక తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక ఒక్కటే. తొమ్మిదిన్నర దాటాక కారు వచ్చింది. కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్న మదన్ దిగాడు. చేతిలో చల్లదనం పోనివ్వని సంచీ. పోగును చూసి మొహం చిట్లించాడు.

"అయ్యా, నాకు బోన్‌లెస్ మట్టుం చాలు, కండ ఒకటే. బోటీ కొవ్వూ తీసేయండి. రెండు పోగుల దుడ్డు ఇస్తాను."

దొరైసామి కొట్టం వైపు చూశాడు. అయిదు మేకలు. ఒక్క మాట అంటే చాలు, అయిదూ ఉంటాయి. కండ ఏరి ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టదు.

"తీసేదానికి లేదు సామీ. తీసుకుంటే అంతా తీసుకోవాల. లేకుంటే వదిలేయాల."

"ఎట్లా ఉన్నా మిగిలిపోయిందే కదా ఇది?"

"మిగిలితే మిగలనీ. మేక ఒంటి నిండా కండే ఉంటే అది నడిచేదెట్ల?"

ఆ మాట దొరైసామి కోపంతోనే అన్నాడు. ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చిన కోపమే, ఇంకా అరగలేదు. మదన్ భుజాలు ఎగరేసి కారు వైపు తిరిగాడు.

కారు వెనక తలుపు తెరుచుకుంది. లావుపాటి పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని దిగింది. మదన్ తల్లి అంజలమ్మ. కొడుకు దగ్గరికి వచ్చి ఆరు నెలలైనా వీధి మొహం చూడనిచ్చినవాళ్ళు లేరు. నేరుగా అరుగు దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"బోటి కడిగినట్టుండాదే! ఆండిపట్టిలో మా నాయన ఇట్లదా పోగులేస్తా ఉండె."

"అమ్మా, డాక్టర్ కొవ్వు వద్దన్నాడు" అన్నాడు మదన్.

"నువ్వు కండ ఏరుకోని తినరా. ఎముక నేను కొరుక్కుంటా. పండ్లు ఇంకా ఉండాయి నాకు." గాజులకు తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి పోగు మీద పెట్టింది. "గుర్తు ఇట్లదా పెట్టాల, కదన్నా?"

దొరైసామి తల ఊపాడు. ఆకును నాలుగు వైపులా మడిచి, నారతో కట్టి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

కారు వెళ్ళిపోయాక స్తంభానికి ఆనుకుని కాళ్ళు బారచాపి కూర్చున్నాడు. "అక్కా, అయిపోయింది" అన్నాడు.

"విన్నానులే. ఆ ఆండిపట్టి ఆమె గొంతు బాగుండాది. నీ పోగు తీసుకోని లోపలికి పో, ఎండొస్తాది."

"పోతానుండు. రొంత సేపు" అన్నాడు దొరైసామి. భుజం లాగడం ఆగిపోయిందని కూడా అన్నాడు. కొట్టంలో మేకలు అవిసె ఆకులు నములుతున్న చప్పుడు అరుగు దాకా వినిపిస్తోంది. ఆయన అటువైపు తల తిప్పి పెట్టుకున్నాడు.

పదీ ఇరవైకి ముకుంద్ మేడ దిగివచ్చాడు. అరుగు మీద ఒక ఆకూ, ఒక పోగూ కనిపించాయి. గెలిచినట్టే, కానీ సంతోషం కలగలేదు. నెమ్మదిగానే అన్నాడు.

"ఒకటి మిగిలింది నాయనా. ఏమనుకోవద్దు. బండి వస్తా ఉండాది."

దొరైసామి పలకలేదు. వీరాయి పలికింది.

"కళ్ళు పోయింది నాకా, నీకా? దాని మీద బిళ్ళ లేదా? అది మిగిలింది కాదురా, మీ నాయన పోగు. పదకొండూ పోయినాయి. అడుగు ఆయన్నే."

ముకుంద్ బిళ్ళను చూశాడు. తర్వాత తండ్రిని చూశాడు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చేయి వేశాడు. తల మేకల వైపు అలాగే ఉంది, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, మొహం మీద ఈగ వాలినా కదలలేదు. "నాయనా" అన్నాడు ముకుంద్. రెండోసారి పిలిచేసరికి అది పిలుపు కాదు, ఏడుపు.

బండి వచ్చి వీధి మొదట్లో హారన్ కొట్టింది. డ్రైవరు దిగి మూగిన జనాన్ని చూసి తటపటాయిస్తూ వచ్చాడు. తండ్రి తల ఒళ్ళో పెట్టుకున్న ముకుంద్ దగ్గర వంగి, మేకల సంగతి ఏం చేయమంటారని గొంతు తగ్గించి అడిగాడు.

"పో" అన్నాడు ముకుంద్. "ఏదీ మిగల్లేదు."

బండి ఖాళీగా వెనక్కి మళ్ళింది.

వీధిలో శవం ఉండగా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజేయరు. ఇళ్ళన్నిటిలోనూ పచ్చి కూర అలాగే ఉంది. ఏం చేయాలో తోచక ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడితే, వీరాయి కళ్ళు తుడుచుకుని అరుగు మీది నుంచే అరిచింది. "ఏమే, ఐస్‌పెట్టెలో తోసేస్తారా? ఉప్పూ పసుపూ రాయండి, దారానికి గుచ్చండి! ఆయన కోసిన కూరలో ఒక్క తునక పాడైతే ఊరుకోను!" ఆ అరుపులో దుఃఖం ఉంది, దానికంటే ఎక్కువ పొగరు ఉంది. మధ్యాహ్నానికి మిద్దెల మీద, బట్టలు ఆరేసే తాళ్ళ పక్కన, ఉప్పుకండాల దండలు ఎండకు వేలాడాయి. లేఅవుట్‌లో అంజలమ్మ బాల్కనీలో కూడా ఒకటి వేలాడింది.

దొరైసామి పోగును వీరాయి తన చేత్తోనే ఉప్పు రాసి గుచ్చి, మేకల కొట్టం చూరుకు కట్టింది. బిళ్ళను మాత్రం ఆకు మీదే వదిలేసింది, ఇంకెవరూ దాన్ని తాకలేదు. నాలుగింటికి పాడె లేచి, జనం వెంట నడిచి, వీధి ఖాళీ అయింది. అరుగు మీద టేకాకు ఎండకు అంచులు ముడుచుకుంటోంది. దాని నడుమ 417 బిళ్ళ ఉంది.