ఇంట్లో ఒంటె లేదు

బడిలో శుక్రవారం కథ చదవడానికి ఈసారి తాతయ్యను తీసుకెళ్తానని అక్క కూతురు, ఐదేళ్ల బుడంకాయ, తేల్చి చెప్పేసింది. పిన్ని మొహం మాడిపోయింది.

"నేను చదివితే ఏమయిందే?"

"ఎవ్వరూ నవ్వలేదు పిన్నీ. మా ఫ్రెండయితే నిద్రపోయాడు."

"వాడికి జ్వరమేమో."

"లేదు. నేను చెయ్యి పెట్టి చూశాను."

బతిమాలి బామాలి పిన్ని ఇంకొక్క ఛాన్స్ సంపాదించింది. ఇదీ పోతే ఇక ఎప్పటికీ తాతయ్యే.

పిన్ని ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. బొమ్మల పుస్తకాన్నీ అలాగే ఎంచింది. లైబ్రరీలో ఇరవై మూడు పుస్తకాలు ముందేసుకుని, పేజీకెన్ని జోకులో ల్యాప్‌టాప్‌లో పట్టిక వేసింది. నెగ్గిన పుస్తకంలో ఒక పెద్దాయన గది గదికీ తిరుగుతూ ఒంటె లేదంటుంటాడు. ఒంటె మాత్రం ప్రతి బొమ్మలోనూ ఉంటుంది.

పోయినసారి బడిలో ఎవరూ నవ్వలేదని చెప్పుకుని, రిహార్సల్‌గా లైబ్రేరియన్‌కి చదివి వినిపించింది. "'ఇంట్లో ఒంటె లేదు.' చూడండి, కర్టెన్ వెనకుంది. 'వంటింట్లోనూ లేదు.' అదిగో, ఫ్రిజ్ పక్కన కాళ్లు..."

"ఆగమ్మా," అందావిడ. "పోయినసారీ ఇలాగే చదివావా?"

"అవునండీ. పిల్లలు గమనించరేమోనని."

"అన్నీ నువ్వే కనిపెట్టేస్తే ఇక వాళ్లెందుకు? పుస్తకం వాళ్ల వైపు తిప్పి, నోరు కట్టేసుకో."

తప్పు కళ్లెదుట పెట్టుకుని చెప్పకుండా ఉండటం పిన్నికి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటు లేదు. శుక్రవారం తరగతిలో పిల్లల కుర్చీలో ముడుచుకు కూర్చుని మొదలుపెట్టింది.

"ఇంట్లో ఒంటె లేదు."

పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుంది. కర్టెన్ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఉంది," అన్నారెవరో వెనక వరుసలోంచి.

"ఎక్కడ? లేదే."

"కర్టెన్ వెనక."

పిన్ని లేచి వెళ్లి తరగతి గది కర్టెన్ ఎత్తి చూసింది. అక్కడ కాదు, పుస్తకంలో అని ఇరవై మంది ఒక్కసారే మొత్తుకున్నారు. ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి పోయినసారి నిద్రపోయినవాడు పొట్ట పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. పక్క తరగతికి వినపడకుండా టీచర్ తలుపేసింది.

బుడంకాయ ఒక్కతే నవ్వలేదు. గబగబా ముందుకొచ్చి, ఒంటె మూపురం మీద వేలు పెట్టి పిన్నికి చూపించింది. తర్వాత పిన్ని భుజం మీద చెయ్యేసి, తరగతి వైపు తిరిగి గర్వంగా చెప్పింది.

"మా పిన్నికి ఏదీ కనబడదు. మళ్లీ కూడా ఈమెనే తెస్తాను, చూద్దురుగాని."