కొలోసియం కొండ దిగిన రోజు

నేను ఒక జాయ్‌స్టిక్‌ని. కంప్యూటరు తెర మీద విమానాన్ని ఎగరేయడానికి పుట్టిన పిడిని. మాటకి మాట తెలుగు చేస్తే ఆనందపు కర్ర అవుతాను గాని, నన్ను పట్టుకున్నవాళ్ళలో ఆనందంగా కనిపించినవాళ్ళు బహు తక్కువ. పళ్ళు బిగించి, కనుబొమలు ముడేసి, లేని విమానంలో లేని ప్రయాణికుల ప్రాణాలు కాపాడుతూ చెమటలు కక్కుతుంటారు.

చైనాలో ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. నా నడుంలో స్ప్రింగు బిగించిన అమ్మాయి నన్ను అన్ని వైపులా వంచి చూసింది. వదిలిన ప్రతిసారీ నిటారుగా నిలబడ్డాను కాబట్టి పాసయ్యానని ముద్ర కొట్టింది. ఆ పరీక్ష మనుషులకి కూడా పెడితే ఎన్ని డబ్బాలు ఖాళీగా మిగిలిపోయేవో! నా అట్టపెట్టె మీద మబ్బులూ, యుద్ధవిమానమూ, నల్ల కళ్ళజోడు పెట్టుకున్న పైలటూ ఉన్నారు. లోపల ఉన్నది మాత్రం నేనూ, ఒక తీగా.

మొదట హైదరాబాదులో తన్మయ్ అనే కుర్రవాడు నన్ను కొన్నాడు. పైలటునైపోతానని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. నెల తిరక్కుండానే గిటారు వాయిస్తానని చెప్పి నన్ను మంచం కిందకి తోశాడు. అక్కడ అప్పటికే ఒక క్రికెట్ బ్యాటూ, ఒక కెమెరా స్టాండూ పడి ఉన్నాయి. అతని ఆశయాల చరిత్ర వాటికి క్షుణ్ణంగా తెలుసు. కొన్నాళ్ళకి అతని స్నేహితుడొకడు నన్ను దుమ్ము దులిపి తీసుకుపోయి, కాకినాడలో ఉన్న తన మామగారికి రిటైర్మెంటు కానుకగా ఇచ్చాడు. నా అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆ మామగారు పేరి సోమయాజులు గారు. కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పి రిటైరయ్యారు. 'రోమ్ మాస్టారు' అంటే ఊళ్ళో రిక్షావాళ్ళు కూడా ఇల్లు చూపిస్తారు. ఆయన రాసిన రోమ్ చరిత్రనే చుట్టుపక్కల కాలేజీల పిల్లలు ఏళ్ళ తరబడి బట్టీపడుతూ వచ్చారు. మాస్టారు రోమ్ వెళ్ళలేదు. అసలు విమానమే ఎక్కలేదు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆయన చెబుతుంటే మాత్రం పొద్దున్నే రోమన్ చక్రవర్తితో కలిసి టిఫిను చేసి, చెయ్యి కడుక్కుని నేరుగా క్లాసుకి వచ్చినట్టుండేది.

అల్లుడు కంప్యూటరులో విమానాల ప్రోగ్రాము ఎక్కించి, నన్ను బల్లకి తగిలించి, ఇంధనం ఎప్పటికీ తరగకుండా అమర్చి వెళ్ళాడు. ఇక చూడండి మాస్టారి వైభవం! రోజూ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని వచ్చి కూర్చునేవారు.

"భ్రమరా, టేకాఫ్ అవుతున్నాను. మిక్సీ ఆపు" అని కేకేసేవారు.

ఆయన భార్య భ్రమరాంబ గారు వంటింట్లోంచే, "రోమ్‌లో పచ్చళ్ళు రుబ్బుకోరా ఏవిటండీ?" అనేది. మిక్సీ మాత్రం ఆపేది కాదు. ఆ రొదనే ఇంజను చప్పుడనుకుని మాస్టారు పైకి లేచేవారు.

అబద్ధమెందుకు, పైనుంచి రోమ్ అందంగానే ఉండేది. టైబరు నది పాములా మెలికలు తిరిగి ఊరి మధ్యలోంచి పోతుంది. రథాల పందాల మైదానం ఎవరో పచ్చటి పళ్ళెం బోర్లించి మరిచిపోయినట్టు ఉంటుంది. పాంథియన్ గుడి గుమ్మటం నడినెత్తిన గుండ్రటి కన్నం. ఒకరోజు మాస్టారు ఆ కన్నం చుట్టూ చక్కర్లు కొడుతూ భార్యని పిలిచి చూపించారు.

"మరి వానొస్తేనండీ?" అందావిడ, చేతికంటిన పిండి దులుపుకుంటూ.

"లోపల పడుతుంది."

"కట్టినవాళ్ళకి ఆ మాత్రం తెలీదా?"

మాస్టారు విమానాన్ని ఇంకో చుట్టు తిప్పి, "నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నారు. తనకి తెలియనిది ఎదురైనప్పుడల్లా ఆయన వాడే మాట అది. నన్ను పట్టుకున్న చెయ్యి అప్పుడు కొంచెం బిగిసేది. ఎవరికి తెలియకపోయినా నాకు తెలుస్తుంది కదా!

అలా హాయిగా ఎగురుతుండగా ఒకనాడు ఆయనకి గ్లాడియేటర్లు కత్తులతో పోరాడిన పాత రాతి గోదాని, అదే కొలోసియాన్ని, దగ్గరగా చూడాలని బుద్ధి పుట్టింది. నన్ను నెమ్మదిగా ముందుకి వంచారు. విమానం దిగుతోంది. దిగేకొద్దీ ఒక వింత జరిగింది. పైనుంచి చదునుగా కనిపించిన ఊళ్ళోంచి కొండలు లేచి నిలబడ్డాయి. ఇటొకటి, అటొకటి, వెనకాలొకటి. వాటి నడుమ పల్లంలో, గిన్నె అడుగున పెట్టిన ఉంగరంలా కూర్చుని ఉంది కొలోసియం.

మాస్టారి చెయ్యి నా మీద గడ్డకట్టుకుపోయింది.

ఆయన పుస్తకంలో కొలోసియం కొండ మీద ఉంది. 'సమున్నత గిరిశిఖరాన, రోమన్ల కీర్తికిరీటంలా' ఉంది. ఆ వాక్యాన్ని పిల్లలు కంఠతా పెట్టి రాసేవారు, మాస్టారు టిక్కులు పెట్టేవారు.

ఇంకొకరైతే తల గోక్కుని పుస్తకం దిద్దుకునేవారు. సోమయాజులు గారు కంప్యూటరుని దిద్దబోయారు. ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీకి, బిగ్గరగా చదువుకుంటూ, ఒక ఫిర్యాదు కొట్టారు. అయ్యా, తమరు ఒక ముఖ్యమైన కొండని పెట్టడం మరిచారు, వెంటనే పెట్టించగలరు, ఇట్లు, చరిత్రాచార్యుడు. మర్నాడు జవాబు వచ్చింది. మీ సూచనకు ధన్యవాదాలు, మీ ప్రయాణం ఆనందంగా సాగుగాక అని. కొండ రాలేదు.

ఆ రోజు నుంచి మాస్టారి విమానం కిందికి దిగడం మానేసింది. మబ్బుల్లోనే తిరిగేవారు. భోజనానికి పిలుపు రాగానే ఆకాశంలో ఉండగానే మీట నొక్కి కంప్యూటరు ఆపేసేవారు. విమానం ఏమైందో, అందులో జనం ఏమయ్యారో ఆయనకి అనవసరం.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నక్కా ఎస్తేరు రాణి గారని ఒకావిడ ఇంటికి వచ్చింది. మాస్టారు పనిచేసిన కాలేజీలోనే ఇప్పుడు చరిత్ర శాఖకి ఆవిడే పెద్ద.

"గుర్తున్నానా మాస్టారూ? మీ దగ్గరే చదువుకున్నానండి."

"ఎంతమందికి చెప్పానమ్మా, ఎవరినని గుర్తుపెట్టుకోను?" అన్నారాయన, చాలా గొప్ప మాట అన్నట్టు.

ఆవిడ నవ్వి వచ్చిన పని చెప్పింది. పిల్లలు రోమ్‌ని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు, మాస్టారు వచ్చి ఆకాశంలోంచి రోమ్ అంతా తెర మీద చూపిస్తూ ఉపన్యాసం ఇవ్వాలి అని. మాస్టారు వద్దందామని నోరు తెరిచారు. ఇంతలో ఆవిడ, "సన్మానం కూడా ఉందండి" అంది. తెరిచిన నోరు 'సరే' అంది.

ఆవిడ కావాలనే పిలిచిందో, కాకతాళీయమో నాకు ఇప్పటికీ తెలియదు. కాఫీ గ్లాసు కింద పెడుతూ బల్ల మీద నన్ను చూసిన చూపు మాత్రం, పాత క్లాసుమేటుని చూసినట్టు ఉంది.

ఉపన్యాసం నాడు హాలు కిక్కిరిసింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నన్ను పెట్టి, కాలేజీ కంప్యూటరుకి తగిలించారు. మాస్టారు లేచారు. విమానమూ లేచింది. ఆ రోజు ఆయన మాటే మాట! నది మీద కవిత్వం చెప్పారు. రాళ్ళ కమానుల మీదుగా కొండల్లోంచి ఊళ్ళోకి నీళ్ళు నడిపించుకొచ్చిన కాలవలు చూపించారు. గీత గీసినట్టు తిన్నగా దక్షిణానికి పోయే పాత రాజబాట చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరికి కొలోసియం మీదకి వచ్చారు. చాలా ఎత్తులో వచ్చారు. అది తెర మీద శనగగింజంత కనిపించింది.

"సార్, కొంచెం కిందికి దింపండి సార్, లోపల చూస్తాం" అంది ముందు వరసలో కూర్చున్న అమ్మాయి.

"ఇప్పుడు కాదు. కింద గాలి బాగాలేదు" అన్నారు మాస్టారు.

విమానం ఒక చుట్టు తిరిగింది.

"దింపండి సార్!" ఈసారి వెనక బెంచీలు కూడా కలిశాయి.

"పర్మిషన్ రావాలి."

"ఎవరివ్వాలి సార్?"

"రోమ్ వాళ్ళివ్వాలి" అన్నారు మాస్టారు, చొక్కా చేత్తో మెడ తుడుచుకుంటూ. ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. నోరు గ్లాడియేటర్ల గురించి చెబుతూనే ఉంది గాని, చెయ్యి నన్ను పీక పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎస్తేరు రాణి గారు పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని తెర వంకే చూస్తోంది.

ఇంట్లో అల్లుడు అమర్చిన తరగని ఇంధనం ఈ కంప్యూటరులో లేదు. ఆ సంగతి మాస్టారికి తెలియదు. ఇంజను ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగింది.

తెరలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. మాస్టారు నన్ను రెండు చేతులా వెనక్కి లాగారు. విమానం ముక్కు పైకెత్తి, వేగం చచ్చి, సొమ్మసిల్లి కిందకి జారింది. ఎంత లాగితే అంత జారుతోంది. నాకే నోరుంటే చెప్పేవాణ్ణి, అయ్యా, లాగకండి, వదలండి, వదిలితే మెల్లగా దిగుతుంది అని. పడిపోతున్నవాడు పట్టు వదలడు కదా!

"సార్, కొండలు పైకెళ్ళిపోతున్నాయి సార్!" అని అరిచింది ముందు వరస అమ్మాయి.

కొండలు రెండు పక్కలా లేచాయి. వాటి మీది చెట్లు కనిపించాయి, తరవాత ఆ చెట్లు మన నెత్తిమీదకి వెళ్ళాయి. విమానం పల్లంలోకి జారి, కొలోసియం కమానుల పక్కన కడుపు మీద పాకి, ఒరిగి ఆగింది. ఎవరూ చావలేదు, మాస్టారు తప్ప. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. చుట్టూ ఎత్తుగా కొండలు, అడుగున కొలోసియం.

"మన పుస్తకంలో కొండ మీద అని ఉంది కదండీ?" అంది ఆ అమ్మాయి, ఎవరినీ ఎగతాళి చేయాలని కాదు, నిజంగానే అనుమానం వచ్చి.

అందరూ మాస్టారి వంక చూశారు. ఆయన నా వంక చూశారు, నేనేదో జవాబు చెబుతానన్నట్టు. అరచేతి చెమట నా రబ్బరు తొడుగులోకి ఇంకుతోంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. అప్పుడు ఎస్తేరు రాణి గారు లేచి నిలబడింది. ఒక్క మాట అంటే చాలు, ఆయన పరువు ఆ పల్లంలోనే సమాధి అయిపోయేది.

"ముందు మాస్టారిని విమానంలోంచి దిగనియ్యండర్రా. తరవాత అడుగుదురుగాని" అంది.

హాలంతా నవ్వు. ఆ నవ్వుల్లోనే శాలువా కప్పేశారు, దండ వేసేశారు.

జనం వెళ్ళిపోయాక మాస్టారు నా తీగ చుట్టడం మొదలుపెట్టారు. చుట్టారు, విప్పారు, మళ్ళీ చుట్టారు.

"నువ్వు పరీక్షలో... పల్లంలో ఉందని రాసినదానివి నువ్వే కదూ?" అన్నారు, తల ఎత్తకుండా.

"గుర్తొచ్చానన్నమాట" అందావిడ. "లైబ్రరీలో పాత ఇంగ్లీషు పుస్తకం చూసి రాశానండి. మీరు నన్ను క్లాసులో నిలబెట్టి, 'నువ్వెళ్ళి చూసొచ్చావా?' అన్నారు. మా పేట నుంచి కాలేజీకొచ్చిన మొదటి ఆడపిల్లని నేను. రోమ్ సంగతెందుకు, రాజమండ్రే చూళ్ళేదు అప్పటికి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను మాస్టారూ, ఏడిస్తే బాగోదని."

"మార్కులు వేశానా?"

"సున్నా వేశారండి. పక్కన ఎర్రసిరాతో 'ఊహలు పనికిరావు' అని రాశారు."

మాస్టారి గొంతులో ఏదో పైకి లేచి, సగం దాకా వచ్చి, అక్కడే చక్కర్లు కొట్టింది. క్షమించమ్మా అన్న మాటే అయి ఉండాలి. ఆయన పెదాలకి దాని అలవాటు లేదు. చివరికి దిగిన మాట వేరు.

"నీ దస్తూరీ మాత్రం చాలా బాగుండేది" అన్నారు.

ఆవిడ పకపకా నవ్వింది. అంత నవ్వు ఆ హాల్లో మధ్యాహ్నం నుంచీ ఎవరూ నవ్వలేదు. మాస్టారు కూడా నవ్వబోయి, కుదరక, నన్ను ఆవిడ చేతిలో పెట్టారు.

"ఇది ఇక్కడే ఉంచమ్మా. పిల్లలకి... కిందికి దింపడం నేర్పు" అని శాలువా సర్దుకుని వెళ్ళిపోయారు. ఇంతకాలంలో ఎవరూ అడగకుండా ఆయన ఒకరికి ఇచ్చినది అదొక్కటే అని నా నమ్మకం.

మనిషి మారిపోయాడని చెప్పి కథ ముగిస్తే మీకు బాగుండును. ఆ మరుసటేడు పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. కొలోసియం పల్లంలోకి దిగింది. ముందుమాటలో మాస్టారు, 'గగనమార్గాన స్వయంగా జరిపిన సుదీర్ఘ పరిశోధనలో ఈ సత్యాన్ని కనుగొన్నాను' అని రాసుకున్నారు. అడుగున కృతజ్ఞతలు. ప్రొజెక్టరు ఏర్పాటు చేసినందుకు శ్రీమతి ఎస్తేరు రాణి గారికి.

ఆవిడ ఆ పేజీని శాఖ గదిలో తోటి లెక్చరర్లకి పైకి చదివి వినిపించింది. వాళ్ళు మండిపడ్డారు, ఉత్తరం రాద్దామన్నారు. "పోనీలెండి, కొండైతే దిగింది" అని ఆవిడ పుస్తకం మూసేసింది.

ఇప్పుడు నేను ఆ గదిలోనే ఉంటున్నాను. స్ప్రింగు సడలింది, ఎడమకి ఒరుగుతాను. పిల్లలు నాతో రోమ్ అంతా తిరిగి, ఎక్కువమంది నదిలో దిగుతారు. నాకేమీ ఫిర్యాదు లేదు.

ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు ఎస్తేరు రాణి గారు వచ్చి కూర్చుంది. అంతవరకూ ఆవిడ నన్ను వాడలేదు. పట్టు తేలిగ్గా ఉంది, బిగింపు లేదు. కొలోసియం వైపు వెళ్ళలేదు. ఊరు దాటి, పాత రాజబాట వెంట, గొడుగుల్లాంటి చెట్ల నెత్తిమీదుగా, కూలిన కమానుల పక్కనుంచి బాగా కిందుగా పోయింది. నా ఎడమ ఒరుగుడుని బొటనవేలితో సర్దుకుంటూ, గడ్డి మైదానంలో విమానాన్ని దింపింది. ఒక్క కుదుపు కూడా లేదు.

ఇంజను ఆపింది. బయట క్లాసు గంట కొట్టారు. ఆవిడ లేవలేదు. తెరలో గడ్డి గాలికి ఊగుతోంది. చూస్తూ కూర్చుంది.